పీతల వేళకు వచ్చే మింక్

మింక్ (నీటి పక్కన బతికే ముంగిసలాంటి జంతువు) ఫోటో పెట్టగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "ఏ లెన్స్ అండీ?" రెండోది "ఎక్కడ దొరికింది?" ఎన్నింటికి తీశారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నేను చెప్పగలిగిన విషయమంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది.

మేముండేది కెనడా పడమటి తీరాన, వాంకూవర్ దీవి దక్షిణపు కొసన ఉన్న విక్టోరియాలో. ఓక్ బేలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్‌లో పని చేస్తాను. శనివారం డ్యూటీ ఉంటుంది కాబట్టి సోమవారం సెలవు. మా ఫ్రిజ్ తలుపు మీద పిల్లాడి స్కూలు క్యాలెండర్ పక్కనే టైడ్ టేబుల్ ప్రింటవుట్ అతికించి ఉంటుంది. ఏ రేవులో ఏ రోజు ఏ గంటకి నీళ్లు ఎన్ని మీటర్లు ఉంటాయో ఇక్కడి ప్రభుత్వ మత్స్యశాఖ ముందే లెక్కగట్టి పెడుతుంది. అందులో అర మీటరు కన్నా కిందికి దిగే సోమవారాలకి పసుపు హైలైటర్ రాస్తాను. ఆ రోజుల్లో కాస్కో సూపర్‌మార్కెట్‌కి వెళ్దామని మా ఆయన నోరెత్తరు. పెళ్లయి ఇన్నేళ్లకి కుదిరిన ఒప్పందాల్లో ఇదొకటి.

కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, ఆటుపోట్లు నాకు కొత్తేమీ కాదు. అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒకదాని వెనక ఒకటి పద్ధతిగా వచ్చిపోతాయి. విక్టోరియా సముద్రానికి అంత పద్ధతి లేదు. ఉన్న రెండు ఆట్లలో ఒకటి బాగా దిగుతుంది, రెండోది దిగీ దిగనట్టు ఊరుకుంటుంది. కొన్ని రోజులైతే మొత్తం మీద ఒకటే ఆటు, ఒకటే పోటు. పైగా ఆ పెద్ద ఆటు ఎండాకాలంలో పగలు వస్తుంది, చలికాలంలో రాత్రి వస్తుంది. అందుకే నా మింక్ ఫోటోలన్నీ మే నుంచి ఆగస్టు లోపువే. డిసెంబర్‌లో అదేమీ ఉపవాసం ఉండదు. అర్ధరాత్రి వానలో టార్చిలైటు పట్టుకుని పాకుడు రాళ్ల మీద నడిచే ఓపిక నాకే లేదు.

ఇంతకీ మింక్ ఎవరో తెలియనివాళ్లకి: మన ముంగిసని నీళ్లలో ముంచి తీసి, ముదురు కాఫీపొడి రంగు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పొట్టి కాళ్లు, సాగిన ఒళ్లు, గడ్డం కింద తెల్లటి మచ్చ. మగది కిలో, కిలోన్నర తూగుతుంది. ఆడది అందులో సగం. ఉత్తర అమెరికా చాలా భాగంలో నదుల పక్కన, చెరువుల పక్కన ఉంటుంది. అక్కడ ఎక్కువగా చీకటి పడ్డాకో తెల్లారకముందో తిరుగుతుంది. మా తీరంలో ఉండే మింక్ మాత్రం వెలుగు, చీకటి అంతగా పట్టించుకోదు. నీళ్లు ఎప్పుడు దిగితే అప్పుడు దానికి భోజనం వేళ.

దానికి కారణం ఉంది. ఈ జంతువు ఈత వచ్చినదే కానీ ఈతలో మొనగాడు కాదు. నీటికుక్కకి ఉన్నట్టు వేళ్ల మధ్య పూర్తి పొర లేదు, ఉన్నది కొంచెమే. నీటి అడుగున చూపు కూడా అంతంతే. ఇక్కడి సముద్రం నడి వేసవిలో కూడా పది, పన్నెండు డిగ్రీల దగ్గరే ఉంటుంది. కిలో ఒళ్లున్న ప్రాణి అంత చల్లటి నీళ్లలో ఎంతసేపుంటుంది? మునిగితే అర నిమిషం లోపే పైకి వచ్చేస్తుంది. అదే ఆటు సమయానికైతే మునిగే పనే లేదు. నీళ్లు వెనక్కి పోయి, రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి. గుంటల్లో చిన్న చేపలు, రాళ్ల కింద పీతలు. పైనుంచి తొంగి చూడ్డం, మూతి పెట్టడం, పట్టుకోవడం, అంతే.

ఈ సంగతి తెలియక ముందు కెమెరా మెడలో వేసుకుని, మా ఊళ్లో సముద్రం పక్కనే పోయే డాలస్ రోడ్డు కింద రాళ్ల వెంట ఊరికే నడిచేదాన్ని. నడిస్తే ఆరోగ్యం వస్తుంది, మింక్ రాదు. ఇప్పుడు ఆటు అడుక్కి చేరడానికి గంటన్నర ముందే వెళ్లి కూర్చుంటాను. నీళ్లు ఇంకా దిగుతున్నప్పుడు, కొత్తగా బయటపడిన రాళ్ల వెంట అది పని మొదలుపెడుతుంది. పూర్తిగా దిగిపోయాక అది చాలా దూరంలో, నీటి అంచున ఉంటుంది; ఆ దూరం నుంచి ఏ లెన్స్ వేసినా నల్ల చుక్కే. కాబట్టి ఆటు అడుక్కి చేరే ముందు ఒక గంట, పోటు మొదలయ్యాక ఒక గంట. ఈ రెండూ మంచి వేళలు.

ఎలాంటి ఒడ్డు అనేది కూడా చెప్పాలి. ఇసుక బీచ్ దండగ. రాళ్లు ఉండాలి, రాళ్ల మీద దట్టంగా నాచు ఉండాలి, వెనక దాక్కోవడానికి పొదలో, కొట్టుకొచ్చిన దుంగల గుట్టలో ఉండాలి. విక్టోరియా చుట్టుపక్కల అలాంటి చోట్లకి కొదవ లేదు. కాటిల్ పాయింట్ వైపు రాళ్లయినా, ఈస్ట్ సూక్ పార్క్ అంచులైనా అలాంటివే. కూర్చునే ముందు గుర్తులు చూసుకుంటాను. ఎత్తుగా ఉన్న రాతి మీద ఊదారంగు పీత డొప్పలు, విరిగిన కాళ్లు ఒకేచోట పడి ఉంటే అది దాని భోజనబల్ల. పక్కనే మెలి తిరిగిన నల్లటి రెట్ట ఉంటే, పుల్లతో కదిపి చూడండి, డొప్ప ముక్కలు కనిపిస్తాయి. సీగల్స్ కూడా పీతలు తింటాయి, కానీ అవి పైనుంచి జారవిడిచి పగలగొడతాయి, ముక్కలు చెల్లాచెదురుగా పడతాయి. వీటన్నిటికన్నా నమ్మకమైన గుర్తు కాకులు. నాచు మీద రెండు మూడు కాకులు ఒకేవైపు నడుస్తూ గోల చేస్తున్నాయంటే, ముందు మింక్ వెళ్తోందన్నమాట. మిగిలిన ముక్కల మీద వాటికి ఆశ.

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు వచ్చారు. ఉప్పాడ మనిషి. మొదటి వారం మాళ్లూ, పార్కులూ తిప్పితే "కాళ్లు లాగుతున్నాయే" అన్నారు. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే మాత్రం గంటలకొద్దీ కదల్లేదు. దుంగ మీద శాలువా పరుచుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, నీళ్లకేసి చూస్తూ కూర్చునేవారు. "పాటు బాగా లాగేసిందమ్మాయ్, ఇప్పుడు పీతలన్నీ రాళ్ల కిందికి చేరుంటాయి" అనేవారు. ఆటుని ఆవిడ పాటు అంటారు. నేను టేబుల్ చూసి చెప్పే మాట ఆవిడ నీళ్లు చూసి చెప్పేవారు.

ఆ రోజు నేను ఎడమ పక్కన కాకుల్ని చూస్తున్నాను. ఆవిడ మోచేత్తో పొడిచారు. "అటు కాదు. ఆ పాచి చూడు, గాలి లేకుండా కదులుతోంది."

ఇక్కడ రాళ్ల మీద రాక్‌వీడ్ అనే నాచు ఉంటుంది, గోధుమ పచ్చ రంగులో, కొసల్లో ఉబ్బిన బుడ్డలతో. నీళ్లు దిగాక అది రాళ్ల మీద పరుపుల్లా పడి ఉంటుంది. ఆ పరుపు కింద ఏదో నడుస్తున్నట్టు ఒక ఉబ్బు మెల్లగా ముందుకి వస్తోంది. ఆగింది. మళ్లీ కదిలింది. నాచు విడిపోయి ముందు మూతి, తర్వాత గడ్డం కింది తెల్లమచ్చ బయటికి వచ్చాయి. నోట్లో అరచేయంత పీత. పీత కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. మమ్మల్ని చూసిందో లేదో, ఉన్న రాతి పక్కనే ఉన్న మరో రాతి మీదికి గెంతి, పీతని వెల్లకిలా తిప్పి, ముందు కాళ్లతో అదిమి పట్టింది. ముందుగా రెండు పెద్దకాళ్లూ కొరికి పక్కన పడేసింది. ఆ తర్వాతే పొట్ట. డొప్ప పగిలే చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది, కరకరమని. తింటున్నంతసేపూ రెండు మూడు నమళ్లకొకసారి తల ఎత్తి ఆకాశంలోకి చూస్తుంది. ఇక్కడ తెల్లతల గద్దలు ఎక్కువ. వాటికి మింక్ ఒక ముద్ద.

"ముందు కరిచేవి తీసేస్తోంది చూశావా, మా నాన్న కూడా అలాగే విరిచేవాడు" అన్నారు అత్తయ్య. ఆ మాట నేను తీస్తున్న వీడియోలో రికార్డయింది. మింక్ ఆ గొంతుకి తల తిప్పి ఒక్క క్షణం చూసి మళ్లీ తిండిలో పడింది. మాటలకి అంతగా బెదరదు. లేచి నిలబడితే మాత్రం మాయమైపోతుంది.

గొంతు మీదా ఛాతీ మీదా ఉండే తెల్లమచ్చలు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి. వాటిని బట్టి ఏది ఏదో చెప్పొచ్చు, పరిశోధకులు కూడా అలాగే గుర్తుపడతారు. మేము చూసినదానికి గడ్డం కింద ఒకటి, ఛాతీ మీద వేలిముద్రంత ఇంకొకటి ఉన్నాయి. అత్తయ్య దానికి చుక్కమ్మ అని పేరు పెట్టేశారు. చిన్న ఒళ్లు, సన్నటి మెడ చూస్తే ఆడదే అనిపించింది. తర్వాత జూలై నెలలో మూడు పిల్లలతో కనిపించాక ఆ అనుమానం తీరిపోయింది. పిల్లలు తల్లి వెనక వరసగా వస్తాయి, ఒకటి ఆగితే వెనకది దాని మీద పడుతుంది.

ఇక్కడ నీటికుక్కని చూసి మింక్ అనేవాళ్లూ, అదే నీటికుక్కని చూసి సీ ఆటర్ (సముద్రపు నీటికుక్క) అనేవాళ్లూ చాలామంది ఉన్నారు. మా ఒడ్డున కనిపించేది నది నీటికుక్కే, ఉప్పునీళ్లలో కూడా హాయిగా బతుకుతుంది. అది మింక్ కన్నా ఏడెనిమిది రెట్లు బరువు, తోక మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది. ఈదేటప్పుడు ఒళ్లంతా నీళ్లలో ఉంటుంది. మింక్ వీపు పైకి తేలి కనిపిస్తుంది. అసలు సీ ఆటర్ విక్టోరియా దగ్గర చాలా అరుదు. బొచ్చు కోసం ఈ తీరంలో వాటిని పూర్తిగా తుడిచిపెట్టేశారు. 1969, 1972 మధ్య అలాస్కా నుంచి 89 తెచ్చి దీవి వాయవ్యపు ఒడ్డున వదిలితే మళ్లీ పెరిగాయి.

బొచ్చు మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. కెనడా తూర్పు తీరంలో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వైపు, సముద్రపు మింక్ అని ఇంకో జాతి ఉండేది. మా మింక్ కన్నా పెద్దది. తోలు పెద్దది కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి వేటా ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఒక్కటీ మిగల్లేదు. సైన్సు దానికి పేరు పెట్టింది 1903లో, అప్పటికే అది లేదు. పాతకాలం మనుషులు తిని పారేసిన గవ్వల దిబ్బల్లో దొరికిన ఎముకలు చూసి పెట్టారు. బతికున్నదాన్ని ఏ శాస్త్రవేత్తా వర్ణించలేదు. తీరపు మింక్ ఫోటో తీస్తున్నప్పుడు నాకు తరచూ గుర్తొచ్చేది ఇదే.

మా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలోనూ నిన్నమొన్నటిదాకా మింక్ ఫారాలు ఉండేవి, ఫ్రేజర్ లోయలో. 2020లో కోవిడ్ మనుషుల నుంచి ఫారాల్లోని మింక్‌లకి పాకింది. అదే సంవత్సరం డెన్మార్క్‌లో కోటిన్నరకి పైగా మింక్‌లని చంపి పూడ్చిపెట్టిన వార్త మీరూ చూసే ఉంటారు. ఇక్కడ 2021 నవంబర్‌లో ప్రభుత్వం పెంపకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2023 ఏప్రిల్ తర్వాత ఫారాల్లో బతికున్న మింక్ ఉండకూడదన్నారు.

అత్తయ్య ఉండగానే ఒకసారి సెకండ్‌హ్యాండ్ షాపులో పాత మింక్ కోటు కనిపించింది. ఒక కోటుకి డజన్లకొద్దీ తోళ్లు పడతాయి. ఆవిడ చేత్తో నిమిరి, వెంట్రుకలకి ఎదురుగా ఒకసారి రాసి, "మన చుక్కమ్మ ఒంటి మీద ఇంత మెత్తగా ఉండదనుకుంటా, ఎప్పుడూ తడే కదా" అన్నారు. నిజమే. ఒడ్డున తిరిగే మింక్ బొచ్చు పైపొర తడిసి ముళ్లుముళ్లుగా అతుక్కుని ఉంటుంది. లోపలి పొర మాత్రం పొడిగానే ఉంటుంది. విదిలించుకున్నాక పది సెకన్లలో ఒళ్లు ఉబ్బుతుంది.

మరో సంగతి. మా ఒడ్డున మింక్ ఇంటి మనిషి, ఐరోపాలో మాత్రం దొంగ. బ్రిటన్‌లో ఫారాల నుంచి తప్పించుకున్న అమెరికా మింక్‌లు నదుల పక్కన ఉండే వాటర్ వోల్స్ అనే ఎలుకజాతి చిన్న జంతువుల్ని ఊడ్చిపెట్టాయి. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నేల మీద గుడ్లు పెట్టే పక్షుల్ని కాపాడటానికి 2001 నుంచి బోనులు పెట్టి మింక్‌లని పడుతున్నారు. కాబట్టి అక్కడివాళ్లు నా ఫోటోల కింద కోపంగా రాస్తే నేను వాదించను. వాళ్ల బాధ వాళ్లది. అదే జంతువు పుట్టినచోట ఎలా బతుకుతుందో చూపించడం నా పని.

సరే, లెన్స్. 100-400 మి.మీ. జూమ్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అది చాలు. మింక్ దగ్గరికి మనం వెళ్తే ఎంత పెద్ద లెన్సూ సరిపోదు. మనం కూర్చుంటే, దాని దారిలో మనం ఒక రాయి అయిపోతాం, అదే దగ్గరికి వస్తుంది. ఒక్కోసారి ఎంత దగ్గరికంటే లెన్స్ ఫోకస్ కూడా పట్టదు. షట్టర్ వేగం 1/1600 సెకను కన్నా తగ్గించను, అది నిలబడి ఉన్నట్టు కనిపించినా తల ఆడుతూనే ఉంటుంది. ఆటోఫోకస్ జంతువు కన్ను పట్టుకుంటుందని కెమెరా కంపెనీలు గొప్పగా చెప్తాయి కానీ, రాక్‌వీడ్ బుడ్డలు తడిసి మెరుస్తుంటే పాపం దానికి అన్నీ కళ్లలాగే కనిపిస్తాయి. నేను ఒక్క ఫోకస్ పాయింట్ పెట్టుకుని చూసుకుంటాను.

అసలు టెన్షన్ వెలుగుతో. ముదురు బొచ్చు, తడి బొచ్చు. వెనక మెరిసే నీళ్లుంటే మింక్ నల్ల మచ్చ అయిపోతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి. చుట్టూ నల్ల నాచే ఉంటే కెమెరా చీకటనుకుని అంతా తెల్లబరుస్తుంది, అప్పుడు తగ్గించాలి. అది ఒక రాయి నుంచి ఇంకో రాతికి గెంతేలోపు ఈ రెండూ మారిపోతాయి. మబ్బు పట్టిన రోజు మేలు, బొచ్చులో గోధుమ రంగు కనిపిస్తుంది. ఎండ ఉంటే రంగు చచ్చిపోతుంది. కన్ను కూడా నల్లదే కాబట్టి అందులో చిన్న మెరుపు లేకపోతే బొమ్మలో ప్రాణం ఉండదు. దానికోసం కెమెరాని నేల దాకా దించి, మోకాళ్ల కింద పాత యోగా మ్యాట్ వేసుకుని పడుకుంటాను. రాళ్లకి అతుక్కుని ఉండే పదునైన గుల్లలు, బార్నకిల్స్, వాటి మీద ఒట్టి మోకాళ్లు పెడితే రక్తాలే.

ఎక్కువ లైకులు వచ్చేవి మింక్ సూటిగా కెమెరాలోకి చూసేవి. నాకవి అంతగా నచ్చవు. అది నాకేసి చూస్తోందంటే నావల్ల పని ఆపిందని. నీటి గుంటలో తల మొత్తం ముంచి, వెనక కాళ్లు రాతి మీద, తోక గాల్లో ఉన్న ఫోటో ఒకటుంది. మొహం కనపడదు. నా లెక్కలో అదే మంచిది. అత్తయ్య లెక్కలో మాత్రం చుక్కమ్మ పీతతో బయటికొచ్చినదే మంచిది, అది కొంచెం కదిలిపోయి ఉన్నా సరే. అక్టోబర్‌లో వెళ్లేటప్పుడు దాన్నే ప్రింట్ తీయించుకుని పట్టుకెళ్లారు.

ఒకటి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. జూన్, జూలైల్లో అది పిల్లల కోసం పీత పట్టుకుని దుంగల గుట్టలోకి దూరితే వెనకాల వెళ్లను. చేపముక్క వేసి పిలవడం నాకు గిట్టదు, వేసేవాళ్లని చూశాను. మనుషుల దగ్గరికి రావడం అలవాటైన మింక్ కుక్కల దగ్గరికీ వస్తుంది, మా ఒడ్డున గొలుసు లేకుండా తిరిగే కుక్కలకి లోటు లేదు. ఫలానా దుంగల గుట్ట అని చోటు పేరు రాయకపోవడం కూడా అందుకే.

సియాటెల్ నుంచి వచ్చి చూస్తామని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. తప్పకుండా రండి. హోటల్ బుక్ చేసుకునే ముందు టైడ్ టేబుల్ చూసుకోండి, వేసవిలో పెద్ద ఆటు సాధారణంగా మధ్యాహ్నం లోపే అయిపోతుంది. పొద్దున సియాటెల్‌లో పడవ ఎక్కితే ఇక్కడ దిగేసరికే దాదాపు మూడు గంటలు పడుతుంది, అప్పటికి నీళ్లు తిరిగి ఎక్కేస్తుంటాయి. ముందు రోజే వచ్చేయండి. గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో రాక్‌వీడ్ మీద ఒక్క అడుగు కూడా వేయలేరు. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను. జంతికలు తెచ్చేటట్టయితే నాకు ఇవ్వండి, మింక్‌కి వేయొద్దు.